ముత్తవ్వ అరచేతుల ఎరుపు

పసుపు పాలిష్ పట్టే ఆడవాళ్ల చేతులను నమ్మకూడదు. మిషను దగ్గర ఉన్నంతసేపు అవి పచ్చగా ఉంటాయి. సాయంత్రం పంపు దగ్గర కూర్చుని బట్టల సోడా వేసి రుద్దగానే పారాణి పెట్టినట్టు ఎర్రబడతాయి. పసుపుకు సోడా తగిలితే అంతే. ఆ రెండు రంగుల కింద అసలు చెయ్యి ఏ రంగులో ఉందో సీజన్ అయిపోయేదాకా ఎవరికీ కనబడదు. ముత్తవ్వ ప్రాణం మీదికి వచ్చింది ఆ రంగుల వల్లే.

ఆర్మూర్‌లో మామిడిపల్లి దారిలో మా మేనమామకు పాలిష్ మిషను ఉంది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి నేను దాన్ని నడుపుతున్నాను. ఎందుకు వదిలేశానని అడిగేవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. ఉడికించి ఎండబెట్టిన పసుపును రైతులు తెస్తారు. దాన్ని పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి కొమ్ము మెరుస్తుంది. రాలిన పొట్టంతా దుమ్మై లేస్తుంది. ఆ దుమ్ములో తట్టలు మోసే ఆడవాళ్లలో ముత్తవ్వ ఒకతె. నలభై దాటిన మనిషి. సన్నగా, గట్టిగా, ఎండిన కొమ్ములాగే ఉంటుంది. నేను చిన్నమ్మా అని పిలుస్తాను. గేటు ముందు చాయ్ బండి పెట్టుకున్న గంగాదాస్ కాక ఆమె భర్త.

వాళ్ల అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వరసలో కాకుండా జరిగిన వరసలో చెబుతాను.

ముత్తవ్వది ధర్పల్లి. పెళ్లయ్యాక అత్తగారింట్లో బీడీలు చుట్టేది. మొదటి భర్త జబ్బుపడి చచ్చిపోయాడు. పోతూ పోతూ హెచ్ఐవీని ఆమెకు అంటించి పోయాడు. సంగతి తెలిసిన రోజు అత్త ఆమె బీడీల చాటను చేత్తో ముట్టుకోకుండా కర్రతో వాకిట్లోకి నెట్టింది. ముత్తవ్వ ఆ చాట తీసుకుని బయటికి నడిచింది.

గంగాదాస్‌ది పోచంపాడ్. డ్యామ్‌లో చేపలు పట్టేవాడు. అతనికీ అదే జబ్బు. మొదటి భార్యకూ ఉండేది. ఆమెకు ఎవరో స్వామి విబూది ఇచ్చి మందు గోలీలు బంద్ చేయమన్నాడు. బంద్ చేసింది. ఆ ఏడాది దాటలేదు.

నిజామాబాద్ దవాఖానలో గోలీల కోసం నిలబడే వరసలో వీళ్లిద్దరూ ముందూ వెనకా నిలబడ్డారు. కొన్ని నెలలు మాటల్లేవు. ఒకరోజు గంగాదాస్ అన్నాడట: "నాకు లేని రోగం నీకు లేదు, నీకు లేని రోగం నాకు లేదు. మన జాతకాలు గింత మంచిగ ఎవ్వరికి కలుస్తయి?" లింబాద్రి గుట్ట మీద దండలు మార్చుకుని, తమను ఎవరూ ఎరగని ఊరు కావాలని ఆర్మూర్ వచ్చారు. రోజూ గోలీ వేసుకుంటే ఆ వైరస్ పరీక్షలో కూడా దొరకనంతగా అణిగిపోతుంది. ముత్తవ్వ ఏళ్ల తరబడి ఒక్క పూట తప్పలేదు. తాను మర్చిపోతే గంగాదాస్ గుర్తుచేసేవాడు. గంగాదాస్‌కు మర్చిపోవడం రాదు. మొదటి భార్య ఉంది గదా గుర్తుచేయడానికి.

పోయిన చలికాలంలో ముత్తవ్వ మూత్రపిండాల పరీక్ష తేడా వచ్చింది. పాత గోలీ పడటం లేదన్నారు. వేరేది ఇచ్చారు. దానికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. అది కూడా మాన్పించి జిడోవుడిన్ అనే మందు ఉన్న గోలీ పెట్టారు. పొద్దున ఒకటి, మాపున ఒకటి. అక్కడ కౌన్సెలింగ్ చేసే రూత్ మేడం వీళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మటన్ల మూలుగ బొక్క తింటరు గదా. రక్తం తయారయ్యేది గా మూలుగలనే. గీ గోలీ వైరస్‌ను ఆపుతది. కొందరికి మూలుగను గూడ నీరసపెడతది. అందరికి కాదు. అయినా చూస్కుంట ఉండాలె. రెండు వారాలకు వచ్చి రక్తం ఇయ్యాలె. ఈలోపల అరచెయ్యి తెల్లబడ్డా, ఆయాసంతోని దమ్ము వచ్చినా, దినమాగకుంట రావాలె."

గంగాదాస్ రెండు మాటలు పట్టుకున్నాడు. ఒకటి మూలుగ. ప్రతి ఆదివారం మూలుగ బొక్కలు తెచ్చి, ఆమె ఎదుట కూర్చుని చివరిదాకా జుర్రించేవాడు. రెండోది అరచెయ్యి.

రక్తపరీక్ష మాత్రం వెనక్కి పోయింది. ఎందుకంటే సీజన్ మొదలైంది.

"రేపు పోయి రక్తమిచ్చి వద్దాం," అనేవాడు గంగాదాస్.

"రేపు వేల్పూర్ పసుపు మాల్ దిగుతది. నేను పోతే నా జాగల ఇంకొకతె నిలబడ్తది. మల్ల నన్నెవలు పిలుస్తరు?"

"మేడం చెప్పింది గదా."

"చెయ్యి తెల్లబడితె రమ్మన్నది. తెల్లబడ్డదా?"

తెల్లబడలేదు. అదే వచ్చిన చిక్కు. రోజూ పని ఆగాక ఆడవాళ్లు పంపు దగ్గర సోడాతో చేతులు రుద్దుకునేవారు. గంగాదాస్ బండి వదిలేసి సరిగ్గా ఆ వేళకే వచ్చేవాడు.

"ఏదీ, చెయ్యి చూపియ్యి."

"జోస్యం చెప్తవా?"

"చూపియ్యరాదు జర."

తడిచెయ్యి చాపేది. అతను వేళ్లు విప్పి, ఎండకు తిప్పి చూసేవాడు. "మందారం లెక్కున్నది," అనేవాడు. అతని ముఖం కొంచెం తేటపడేది. ఆ మందారం రక్తానిది కాదు, సోడాదని ఆ పంపు దగ్గర ఉన్న మాలో ఎవరికీ తట్టలేదు. అసలు అతను ఎందుకు చూస్తున్నాడో మాకు తెలిస్తే కదా.

రాధాబాయి నవ్వేది. ఆ గుంపుకు పెద్ద ఆమే. "గంగాదాసూ, గింత ముచ్చటేందయ్య, రోజు చెయ్యి పట్టుకునుడు. మా ఆయన పెండ్లినాడు పట్టుకున్నడు. మల్ల ముట్టలే."

నెల గోలీలకు గంగాదాస్ ఒక్కడే పోయి తెచ్చాడు. రూత్ మేడం అడిగిందట, ఆమె ఏదీ అని. చేతులు ఎర్రగా ఉన్నాయని చెప్పాడట. "చేతుల ముచ్చట కాదన్నా, మనిషిని తీస్కరా," అందట. వచ్చే వారం తప్పకుండా అని చెప్పి వచ్చాడు.

ఆ వచ్చే వారానికి ముత్తవ్వ తట్ట ఎత్తి రెండడుగులు వేసి ఆగడం మొదలుపెట్టింది. ఆగినట్టు కనబడకుండా చీర కుచ్చిళ్లు సర్దుకునేది. చెవుల్లో మిషను రాత్రి పడుకున్నాక కూడా తిరుగుతోందని ఒకసారి నాతో అంది. నాకూ అట్లనే ఉంటది చిన్నమ్మా అన్నాను. గుండె కొట్టుకోవడం ఆమెకు చెవుల్లో వినబడుతోందని నాకేం తెలుసు.

పగలు ఆమె చేతులు అందరికంటే పచ్చగా కనబడేవి. కింద రక్తపు ఎరుపు లేకపోతే పైన పసుపు ఎక్కువ తేలుతుంది. అది ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు రాధాబాయి ఇంకోటి చెప్పింది.

"నీ గోర్లు చూస్కోయే ముత్తవ్వా. కామెర్లు నీకు."

"పసుపు మోసేటోళ్ల గోర్లు పచ్చగుండక నల్లగుంటయా?"

"మేము గూడ మోస్తున్నం. మాయి గిట్లున్నయా? దమ్ము తీస్తున్నవ్, తింటలేవు. మా మరిదికి గిట్లనే అయింది. నోర్మూస్కొని నడువు."

వేల్పూర్ అవతల కామెర్లకు పసరు పోసే ముసలాయన ఉన్నాడు. రాధాబాయి తన కూలీ పోగొట్టుకుని మరీ ఆమెను తీసుకెళ్లింది. ముసలాయన ఆమె గోళ్లు చూసి తల ఊపాడు. ఉప్పు లేదు, నూనె లేదు, ఇంగ్లీషు గోలీలు అసలే లేవు అన్నాడు.

"దేనికన్న గోలీలు మింగుతున్నవా బిడ్డా?"

రాధాబాయి పక్కనే ఉంది. ముత్తవ్వ "లేదు తాతా," అంది.

పసరు సీసా ఇంటికి తెచ్చి, గంగాదాస్ చూస్తుండగానే మోరీ కాలువలో పోసేసింది. గోలీ మాత్రం ఆపలేదు. ఆకూ వక్కల డబ్బాలో దాచుకుని పొద్దునా మాపునా వేళ తప్పకుండా మింగింది. గంగాదాస్‌కు భయం రెండు వైపుల నుంచీ పట్టుకుంది. గోలీ వల్లనే ఇట్లా అవుతోందా? లేక వైరస్ మళ్లీ లేచిందా?

"జర కొన్నొద్దులు బంద్ చేసి చూద్దామా?" అన్నాడు ఒకరోజు, తన నోటితో తనే.

"బంద్ చేసినామె యాడున్నది?" అంది ముత్తవ్వ.

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆపితే మొదటి భార్య దారి. ఆపకపోతే ఎదురుగా కనబడుతున్న దారి. నిజామాబాద్ పోదామంటే, పొద్దున మాల్ దిగుతుంది, పైగా ఇప్పుడు రాధాబాయికి ఏమని చెప్పాలి? కామెర్లకు మందు తీసుకుంటున్న మనిషి నిజామాబాద్ ఎందుకు పోతుంది? సాయంత్రం మళ్లీ చెయ్యి చూశాడు. ఎర్రగానే ఉంది.

పడిపోయిన రోజు పొద్దు బాగా ఎక్కింది. డ్రమ్ము మూతి దాకా చెక్క వేసి ఉంటుంది, దాని మీద తట్ట మోసుకుని ఎక్కాలి. ముత్తవ్వ సగం దాకా వచ్చి నిలబడిపోయింది. తట్ట ముందు జారింది. కొమ్ములు గలగలా నేల మీద పడ్డాయి. తర్వాత ఆమె, చప్పుడు లేకుండా, కట్టిన మూట విప్పినట్టు. నేను మిషను ఆపాను. డ్రమ్ము బరువుగా ఇంకా నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

"కామెర్లు నెత్తికెక్కినయ్," అంది రాధాబాయి. ఎవరో ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. ముత్తవ్వ కళ్లు తెరిచింది కానీ లేవలేకపోయింది. గొంతు కింద నరం ఒకటి టపటపా కొట్టుకుంటోంది. చూస్తుంటే నాకే ఆయాసం వచ్చింది.

గంగాదాస్ కాక పరిగెత్తుకొచ్చాడు. ఆమెను షెడ్డు వెనక నీడలోకి మోశాం. ఆడవాళ్లు ఇటువైపే ఆగిపోయారు. అతను రూత్ మేడంకు ఫోన్ కలిపాడు. ఆమెను పట్టుకోవడానికి ఫోన్‌ను స్పీకర్‌లో నేల మీద పెట్టాడు. ముత్తవ్వ తల నా చేతుల మీద ఉంది. కాబట్టి అంతా విన్నాను.

"మేడం, ఆమె పడిపోయింది. చేతులైతే ఎర్రగనే ఉంటున్నయ్ మేడం, రోజు చూస్తున్న."

"ఏం పని చేస్తదన్నా ఆమె?"

"పసుపు పని."



"చెయ్యి ఎప్పుడు చూస్తున్నవ్?"

"మాపున. సోడాతోని కడుక్కున్నంక."

"అన్నా, చెయ్యి ఇడిచిపెట్టు. కింది కనురెప్ప జర కిందికి గుంజి చూడు."

అతను బొటనవేలితో గుంజాడు. నేనూ వంగి చూశాను. అక్కడ ఎర్రగా ఉండాల్సిన చోట ఒలిచిన తాటిముంజ ఉంది. ఎరుపు జాడ కూడా లేదు. నాలుక చూపించమంటే ఆమె చాపింది. అది కూడా అంతే.

"తెల్లగున్నది మేడం," అన్నాడు.

"గా గోలీ పడ్తలేదన్నా ఆమెకు. ఇప్పుడే బయలెల్లుండ్రి. నడిపియ్యొద్దు ఆమెను. తీస్కరాండ్రి."

మామయ్య బొలెరోలో వెనక గోనెసంచులు పరిచి పడుకోబెట్టాం. రాధాబాయి ఎక్కబోయింది. గంగాదాస్ వద్దన్నాడు. ఆమె అతని ముఖం చూసి ఆగిపోయింది.

అంకాపూర్ దాటాక బండి నడుపుతూ అద్దంలో వెనక్కి చూసి నేనే అడిగాను.

"ఏం గోలీ కాకా అది?"

అతను చెప్పాడు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, బయటికి చూస్తూ, బజార్లో ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు ముందు గుర్తొచ్చింది ఆయన చాయ్. రోజూ తాగుతాను. చాయ్‌తో రాదని నాకు తెలుసు, చదువుకున్నాను. అయినా అదే గుర్తొచ్చింది. సిగ్గేసింది, ఇంకొంచెం గట్టిగా తొక్కాను.

"మెల్లగ పోనియ్ బిడ్డా," అన్నాడు. "కదిలితె ఆమెకు గుండె దడ వస్తున్నది."

మెల్లగా పోవాలా, తొందరగా పోవాలా తెలియకుండానే నిజామాబాద్ చేరాం.

దవాఖానలో పరీక్ష చేస్తే రక్తం, అంటే హిమోగ్లోబిన్, నాలుగు చిల్లర వచ్చింది. పన్నెండు ఉండాల్సింది. ఆ చిట్టీ చూసిన డాక్టర్ కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె దగ్గర నిలబడ్డాడు. ఎముకల మూలుగ రక్తం చేయడం దాదాపు మానేసిందన్నాడు. ఆ ఒక్క మందు ఇవాళే ఆపాలి. కానీ హెచ్ఐవీ మందు లేకుండా ఖాళీగా ఉంచకూడదు. మూత్రపిండాలను అంతగా ఇబ్బంది పెట్టని రకం ఇంకోటుంది, అది హైదరాబాద్ నుంచి రావాలి. వచ్చేదాకా మిగతా మందులతో నెట్టుకురావాలి.

"మూలుగ మల్ల పనిజేస్తదా సార్?" అడిగాడు గంగాదాస్.

"చాలామందికి చేస్తుంది. కొన్ని వారాలు పట్టవచ్చు."

చాలామందికి. ఆ మాట గంగాదాస్ తర్వాత నన్ను చాలాసార్లు అడిగాడు. చాలామంది అంటే ఎంతమంది అని. నాకు తెలియదన్నాను.

రక్తం ఎక్కించాలి. ఎక్కించినదానికి బదులుగా ఎవరైనా ఇవ్వాలన్నారు. గంగాదాస్ ఇవ్వడానికి లేదు. భార్య కోసం ఇస్తానని కూడా అనలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను ఇచ్చాను. ఇంకొకరు కావాలి. మిషను దగ్గర బస్తాలు మోసే భూమేష్‌కు ఫోన్ చేశాను. ఎందుకు, ఏం రోగం అని అడుగుతాడేమో అని గంగాదాస్ నా నోరే చూస్తున్నాడు. "చిన్నమ్మకు రక్తం తక్కువైంది, వస్తవా?" అన్నాను. వస్తున్న అన్నాడు. వచ్చింది భూమేష్ ఒక్కడే కాదు. బస్సు దిగి రాధాబాయి కూడా వచ్చింది, ఒంటి మీద పసుపు దుమ్ము దులుపుకోకుండానే.

"నాది గూడ తీస్కోండ్రి," అని చెయ్యి చాపింది.

వేలి మీద పొడిచి చూసి, వద్దన్నారు. ఆమెకే ఎనిమిది ఉందట.

"నాకా?" అంది రాధాబాయి. "తట్టలు ఎత్తుతున్ననే నేను. నా చేతులు చూడు..." అని తన చేతులు తనే చూసుకుంది. రెండూ పచ్చగా ఉన్నాయి. కాసేపటికి వార్డులోకి వచ్చి ముత్తవ్వ మంచం పక్కన కూర్చుంది. పైనుంచి ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే గొట్టంలోకి దిగుతున్నాయి. గంగాదాస్ ఆ చుక్కల మీద నుంచి కళ్లు తీయడం లేదు.

"బీపీ గోలీ పడలేదంట," అన్నాడు అడగకముందే.

"ఔనా," అంది రాధాబాయి. "గంగాదాసూ, నెలకోపారి ఇద్దరు ఇస్త్రీ బట్టలు తొడుక్కొని నిజామాబాద్ పోతరు. వచ్చేటప్పుడు చేతుల సంచి ఉండది. బజారుకు పోతె సంచి ఉండాలె. సినిమాకు పోతె కథ చెప్పాలె. మా ఆడబిడ్డ గూడ గట్లనే పోతుండె. నాకెరుకయ్య. ఎప్పటిసంది ఎరుక."

ముత్తవ్వ కళ్లు మూసుకునే ఉంది. మూసుకునే అడిగింది. "ఎరుకైతె మరి కామెర్లని ఎందుకు తీస్కపోయినవ్?"

"ఎట్ల జెప్పాలెనే? గా దవాఖానకు పో అంటె నాకెరుకైందని నీకు తెలుస్తది. తెలిస్తె తెల్లారి పని ఇడిచి ఇంకో ఊరికి పోతవ్. ఏమో, కామెర్లు గూడ అయ్యుండొచ్చు అనుకున్న. పసరుతోని తక్కువైతె మంచిదే గదా అనుకున్న."

"పసరు మోరీల పోసిన."

"పోస్తివా? నా కూలి పోయింది గదనే దానికి."

ముత్తవ్వ పెదాలు కొంచెం కదిలాయి. నవ్వో, దాహమో తెలియలేదు. రాధాబాయి లేచి గ్లాసులో నీళ్లు పోసి తాగించింది. మిగిలిన నీళ్లు అదే గ్లాసుతో తను తాగింది. ఇది నేను చూశాను. గంగాదాస్ చూడలేదు, అతను చుక్కలు చూస్తున్నాడు.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. ఆమె దాచింది. ఈమె దాచిన సంగతి దాచింది. ఇద్దరూ ఒకరికొకరు మర్యాద చేసుకున్నారు. ఆ మర్యాద కింద మూలుగ ఎండిపోయింది.

మూడోరోజు రక్తం ఏడుకు వచ్చింది. అది ఎవరెవరిదో రక్తం, ఆమెది కాదు. ఆమెది ఎప్పుడు పుడుతుందో చూడాలన్నారు. ఇంటికి పంపి వారం వారం రమ్మన్నారు. మొదటి వారం ఏడు, ఏడుకు కొంచెం కింద. రెండోవారం కూడా అంతే. కొత్త రక్తకణాలు ఈపాటికి రావాలి, ఇంకా కనబడలేదన్నారు. హైదరాబాద్ మందు వచ్చింది. దానికి మూత్రపిండాలను కూడా చూసుకుంటూ ఉండాలట. గంగాదాస్ మూలుగ బొక్కలు తేవడం మానేశాడు.

ముత్తవ్వ ఇంట్లో ఉండలేక మిషను దగ్గరికి వస్తోంది. తట్ట ఎత్తనివ్వం. నీడలో కూర్చుని కొమ్ముల్లోంచి గోళాలు, అంటే గుండ్రటి దుంపలు, ఏరుతుంది. పని ఆగాక అందరితో పాటు పంపు దగ్గరికి పోతుంది. ఇప్పుడు అక్కడ ఆడవాళ్లు చేతులు కడుక్కున్నాక ఒకరి కనురెప్ప ఒకరు కిందికి గుంజి చూసుకుంటున్నారు. రాధాబాయి పెట్టిన అలవాటు. ఎవరివీ అంత బాగా లేవు. రాధాబాయి ఐరన్ గోలీలు తెచ్చుకుంది, విరేచనం నల్లగా వస్తుందని తిట్టుకుంటూ మింగుతోంది. మిగతావాళ్లకు ముత్తవ్వ జబ్బు ఏమిటో తెలుసో లేదో నాకు తెలియదు. ఎవరూ అడగరు. అడగకపోవడం మంచిదని నేను ఇప్పుడు అనుకోను. ఇది రాస్తానని ముత్తవ్వతో చెప్పాను. "రాయి. నా చెయ్యి గురించి మంచిగ రాయి, ఇంకెవలన్న చూస్కుంటరు," అంది.

నిన్న సాయంత్రం గంగాదాస్ బండి వదిలి వచ్చాడు. ముత్తవ్వ అలవాటుగా తడిచెయ్యి చాపింది. ఎర్రగా మెరుస్తోంది. అతను దాన్ని పక్కకు జరిపి, ఆమె ముఖాన్ని పొద్దుగుంకే వైపు తిప్పి, బొటనవేలితో రెప్ప కిందికి గుంజాడు. చాలాసేపు చూశాడు.

"ఎట్లున్నది?" అంది ఆమె.

మందారం అనలేదు అతను. "ఎర్రగున్నట్టే అనిపిస్తున్నది. నా కండ్లను నేను నమ్మను," అన్నాడు. నా వైపు తిరిగాడు. "జితేందర్, బండిల డీజిల్ ఉన్నదా? రేపు పరీక్షకు రక్తమియ్యాలె."

ఉందన్నాను. పొద్దున వేల్పూర్ మాల్ దిగుతుంది. దిగనీ.